ఉన్న గడ్డను లేదన్నాను

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లో కొడుక్కి తెలియదు, కోడలికి తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్తున్నాను. తెలిసినవాళ్లకు చెప్పాలంటే వాళ్ల మొహం చూడాలి. అంత ధైర్యం నాకు లేదు.

నేను చదివింది నాలుగో తరగతి. తప్పులుంటే సర్దుకుని చదవండి. మేముండేది అబిడ్స్ వెనక గల్లీలో. నాకు షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది. మాత్రలు చాలక ఇన్సులిన్ సూది దాకా వచ్చింది. నాంపల్లిలో నేను చూపించుకునే దవాఖానలో నర్సులకు ఒక శిక్షణ నడుస్తుంది. షుగర్ ఉన్న పెద్దవాళ్లను ఎలా చూసుకోవాలి, పాదాలు ఎలా పరీక్షించాలి, సూది ఎక్కడ వేయాలి, ఏం తినమని చెప్పాలి, అన్నీ నేర్పిస్తారు. పుస్తకం చూస్తే వచ్చే పని కాదు, ఎదురుగా ఒక మనిషి ఉండాలి. ఆ మనిషిని నేను.

నేర్పే మేడం కోస్తా వైపు నుంచి వచ్చినావిడ, మెత్తగా మాట్లాడుతుంది. ప్రతి బ్యాచికీ నన్ను పిలిపించి, ముందు కుర్చీలో కూర్చోబెట్టి, “ఈ అమ్మగారిని చూడండి. చెప్పింది చెప్పినట్టు చేస్తారు. పేషెంటంటే ఇలా ఉండాలి” అనేది. అంతంత చదువుకున్న పిల్లలు తల వంచుకుని రాసుకునేవాళ్లు. నా జన్మలో నన్ను చూసి ఎవరైనా ఏదైనా రాసుకున్నది అక్కడే. ఆ రుచి నాకు పట్టింది. అది కూడా దాచను.

చెప్పింది చెప్పినట్టు చేశానా? లేదు. ప్రతిసారీ కొత్త సూది వాడమన్నారు. నేను ఒకే సూదిని, అది మొద్దుబారి దిగనని మొరాయించేదాకా వాడేదాన్ని. అరిగిపోయిన సబ్బుముక్కను కొత్త సబ్బుకు అతికించే మనిషిని. చూడ్డానికి బాగానే ఉన్న సూదిని పారేయడానికి చేయి రాలేదు. రోజూ చోటు మార్చి పొడుచుకోమన్నారు. నేను బొడ్డుకు కుడిపక్క ఒక్కచోటే పొడుచుకునేదాన్ని. అక్కడైతే నొప్పి తెలిసేది కాదు. పోనుపోను ఆ చోట నిమ్మకాయంత గడ్డ లేచింది. కంటికి కనిపించదు. వేళ్లు పెట్టి ఒత్తితేనే తెలుస్తుంది.

ఆరేళ్ల కిందట ఒక బ్యాచి చివర పరీక్ష పెట్టడానికి బయటి నుంచి ఒక సార్ వచ్చాడు. ఒక్కో అమ్మాయికి ఒక్కో పేషెంటు. నాకు వచ్చిన అమ్మాయిని లావణ్య అంటాను. అసలు పేరు రాయను. వికారాబాద్ దిక్కు పల్లెటూరి పిల్ల. ఈ పరీక్ష పాసైతే అదే దవాఖానలో, షుగర్ వార్డులో ఉద్యోగం ఇస్తామన్నారట. భయంతో చేతులు చల్లబడ్డాయేమో, నన్ను ముట్టుకునే ముందు అరచేతులు రెండూ రుద్దుకుని వెచ్చగా చేసుకుంది. అన్ని బ్యాచుల్లో ఇంకెవరూ అలా చేయలేదు.

ఆ వేళ్లు కుడిపక్కకు వచ్చి ఆగిపోయాయి.

“అమ్మమ్మా, రోజు గీడనే పొడుస్తున్నవా?” అని మెల్లగా అడిగింది.

“లేదు.”

“గడ్డ తగుల్తుంది కదా. సూది గూడ మారుస్తలేవా ఏంది?”

నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. తను లేచి సార్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన నన్ను అడిగాడు. మేడం చూస్తోంది. వెనక బ్యాచి పిల్లలందరూ చూస్తున్నారు. ఒక్క మాట. “ఔ సార్, తప్పు చేసిన” అంటే అయిపోయేది. మహా అయితే మళ్లీ ఆ కుర్చీలో కూర్చోబెట్టరు. అంతే కదా? ఆ అంతే నాకు ఎక్కువైంది.

“మేడం చెప్పినట్టే చేస్తున్న సార్. గడ్డ లేదు, గిడ్డ లేదు.”

“సార్, జర మీరే చెయ్యి పెట్టి చూడుండ్రి” అంది లావణ్య.

ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు. నేను కొంగు లాగి ఒంటినిండా కప్పుకున్నాను.

“మొగోళ్లు నా కడుపు మీద చెయ్యి పెడ్తరా? గిదేం చదువు? గీ వయసుల నా ఇజ్జత్ తీస్తరా?”

ఆయన ఠక్కున ఆగిపోయాడు. మొహం ఎర్రబడింది. మీకు నిజం చెప్పాలి. అంతకుముందు ఎందరు మగ డాక్టర్లు నా కడుపు ఒత్తి చూశారో లెక్కలేదు. ఎప్పుడూ నా నోరు లేవలేదు. సిగ్గు నాకు ఎన్నడూ అడ్డం రాలేదు. ఆ రోజు నేనే దాన్ని అడ్డం పెట్టుకున్నాను.

మేడం ఆడమనిషే కదా, ఆవిడ చూడొచ్చు. చూడలేదు. “మా అమ్మగారి సంగతి నాకు తెలుసండీ” అంది. గడ్డ దొరకడం ఆవిడకూ ఇష్టం లేదేమో. ఇలా అనుకుని తప్పులో సగం ఆవిడ మీదికి తోయాలని ఎన్నిసార్లో చూశాను. తోసినకొద్దీ తిరిగి నా మీదికే వస్తుంది.

“లేనిది ఉందంటవ్, పైనుంచి పేషెంటుతోని కొట్లాట పెడ్తవ్” అని సార్ ఆ పిల్లను అందరి ముందూ కసిరాడు. ఫెయిల్ చేశాడు.

నేను మెట్లు దిగుతుంటే వెనకాలే వచ్చింది. తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను.

“అమ్మమ్మా, నా పరీక్ష ముచ్చట వదిలెయ్. గా గడ్డల పొడిస్తే మందు సక్కగ ఎక్కది. రేపటికెల్లి జాగా మార్చు. కని జాగా మార్చినప్పుడు డోసు...”

“నీ పని నువ్వు చూస్కో పో! నాకు చెప్పొచ్చినవ్ పెద్ద” అన్నాను.

ఆగిపోయింది. మిగతా మాట దాని నోట్లోనే ఉండిపోయింది.

మర్నాటి నుంచి చోటు మార్చాను. చూశారా నా బుద్ధి? అందరి ముందూ అబద్ధమన్న మాటను ఇంట్లో తలుపేసుకుని పాటించాను. ఆ ఆదివారం మనవరాలికి పాత పుస్తకాలు కొందామని అబిడ్స్ ఫుట్‌పాత్‌కు వెళ్లాను. బేరమాడుతూ ఆడుతూ ఒళ్లంతా చెమటపట్టి, కళ్లు తిరిగి ఆ పుస్తకాల మీదే పడ్డాను. అమ్మేవాడు లేపి కూర్చోబెట్టి, చక్కెర ఎక్కువేసిన చాయ్ తాగించాడు. దవాఖానలో చెప్పారు, షుగర్ బాగా పడిపోయిందని. గడ్డలో సగం సగం ఎక్కే మందు మంచి చర్మంలో పూర్తిగా ఎక్కింది. చోటు మార్చినప్పుడు డాక్టరును అడిగి డోసు తగ్గించుకోవాలట. ఆ పిల్ల చెప్పబోయింది అదే.

డోసు తగ్గించారు. ఎందుకు తగ్గించాల్సి వచ్చిందని ఎవరూ గుచ్చి అడగలేదు. మేడం అయితే తర్వాతి బ్యాచికి, “చూశారా, ఈ వయసులో మందు తగ్గించుకున్నారు” అని చప్పట్లు కొట్టించింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద? వాళ్ల మీదా? ఒక ముసలిదాని మాట నమ్మి, వేళ్లతో చూసి చెప్పిన పిల్లను నమ్మనివాళ్ల మీద కోపం వస్తుంది. నమ్మించింది నేనే కదా అని గుర్తొస్తుంది. మళ్లీ కోపం వస్తుంది.

లావణ్య మళ్లీ పరీక్ష రాయలేదని తెలిసింది. ఎక్కడుందో ఎవరికీ తెలియదన్నారు. ఒకసారి నిజం చెప్పేయాలని గట్టిగా అనుకుని మేడం గదికి వెళ్లాను. “ఆ పరీక్షల ఒక పిల్ల...” అని మొదలుపెట్టగానే, “అయ్యో, ఆ పాత గొడవ ఇంకా మనసులో పెట్టుకున్నారా అమ్మగారూ? మీరు బాధపడకండి” అని నా చేయి నిమిరింది. నేను తిరిగొచ్చేశాను. ఆవిడ అడ్డుకుందని మీతో అనలేను. ఒక్క మాటకు వెనక్కి తిరిగింది నా కాళ్లే.

కొన్ని నెలలకు గడ్డ మెల్లగా కరిగిపోయింది. ఇప్పుడు ఎవరు చేయి పెట్టి చూసినా ఏమీ దొరకదు. ఇంకా నన్ను పిలుస్తూనే ఉన్నారు. “కండ్లతోని చూస్తే తెల్వది బిడ్డా, వేళ్లు పెట్టి చూడుండ్రి. గడ్డ దొరికితే డోసు గురించి గూడ చెప్పుండ్రి” అని నేనే నేర్పిస్తున్నాను. పిల్లలు రాసుకుంటారు. ఆ పిల్ల మాటలు నా పేరు మీద రాసుకుంటారు.

ఇది రాసినంత మాత్రాన ఆ పిల్లకు చేజారిన ఉద్యోగం తిరిగిరాదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, క్షమించాల్సింది మీరు కాదు. ఆరేళ్లలో ఒక్కసారైనా నిజాన్ని పూర్తిగా, మధ్యలో ఆపకుండా చెప్పాలనిపించింది. ఆ రోజు గడ్డ ఉంది. ఆ పిల్ల వేళ్లు సరిగ్గానే చెప్పాయి. లేదన్నది నేను. రాసేశాను. ఇప్పుడు కొంచెం ఊపిరి ఆడుతోంది.