చలువకు పోసిన కల్లు

మా అక్క కూతురు బుజ్జి యూకేజీలో ఉన్నప్పుడు ఒక ఆదివారం పొద్దున కాలుతున్న పెనం మీద చెయ్యి పెట్టింది. పిల్లలన్నాక పెడతారు. కట్టు కట్టించుకొచ్చాం. మర్నాడు ఆ కట్టు ఉండగానే రెండో చెయ్యి పెట్టింది. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తాను. నిన్నటి తప్పు ఇవాళ మళ్లీ వస్తే మా ఆఫీసులో మీటింగ్ పెడతారు. ఇంట్లో అక్క బుజ్జిని ఒక్కటి కొట్టి, తనే కూర్చుని ఏడ్చింది.

మాది పుప్పాలగూడ. అపార్టుమెంట్ల మధ్య మా రెండు గదుల ఇల్లు ఎవరో తీసుకెళ్లడం మరిచిన సామానులా ఉంటుంది. అమ్మ, నేను, అక్క, బావ, బుజ్జి అందులోనే. బావ పగలూ రాత్రీ క్యాబ్ నడుపుతాడు కాబట్టి ఆస్పత్రుల డ్యూటీ నాకు పడింది.

బుజ్జికి పొద్దున నేర్పిన అంకెలు సాయంత్రానికి ఉండేవి కావు. "పాప చాలా మొండిది" అంది టీచర్. మొండితనానికి కూడా జ్ఞాపకశక్తి కావాలి మేడమ్ అందామనుకుని డైరీలో సంతకం పెట్టాను. కొండాపూర్‌లో హియరింగ్ టెస్ట్ చేయించాం, నార్మల్. ఎంఆర్ఐ, అదీ నార్మల్. ఇన్ని నార్మల్‌లు చేతికొచ్చాక కూడా పిల్ల చెప్పు ఏ కాలికి వేసుకోవాలో రోజూ అడిగేది.

మొదటి డాక్టర్ "ప్రెగ్నెన్సీలో ఆల్కహాల్ ఏమైనా?" అని అడిగాడు. అక్క మొహం ఎర్రబడింది. "ఏం మాటలు సార్ అవి? మేమట్లాంటోళ్ల లెక్క కనబడ్తున్నమా?" ఆయన సారీ చెప్పి ముందుకెళ్లిపోయాడు. ఏడీహెచ్‌డీ, అంటే దేనిమీదా ధ్యాస నిలవకపోవడం, అని మాత్రలు రాశాడు. బుజ్జి కుదురుగా కూర్చుంది కానీ తిండి మానేసింది. అసలే ఈడు పిల్లల భుజాల దాకా కూడా రాని పిల్ల. మాత్రలు ఆపారు. ఇలా రెండేళ్లు గడిచాయి. బడిలో, ఇంట్లో దెబ్బలు మాత్రం ఎవరూ ఆపలేదు.

తర్వాత పిల్లల ఎదుగుదల చూసే ఒక డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్ దగ్గరికి వెళ్లాం. ఈసారి అమ్మ కూడా వచ్చింది. ఆవిడ బుజ్జి మొహాన్ని చాలాసేపు చూసింది. "పై పెదవి సన్నగా ఉంది. ముక్కు కింద గాడి లేదు, చూశారా అండి? కడుపుతో ఉన్నప్పుడు కల్లు ఏమైనా తాగారా అమ్మా?"

అక్క నోరు తెరిచేలోపు అమ్మ అందుకుంది.

"ఎందుకు తాగలే మేడం? నేనే తాపిన. పిల్లకు ఒళ్లంత ఉడుకు చేస్తుండె. పొద్దుగాల చెట్టు మీదికెళ్లి దింపంగనే ఈత కల్లు తెప్పిస్తుంటి. చలువ గదా! మా అమ్మ నాకు గట్లనే తాపింది."

"ఎన్నాళ్లు?"

"కాన్పు దాక."

డాక్టర్ పెన్ను కింద పెట్టింది. "కల్లులో ఉండేదీ ఆల్కహాలేనండి. తల్లి తాగింది బిడ్డకూ చేరుతుంది, తయారవుతున్న మెదడును దెబ్బ తీస్తుంది. తాగినవాళ్ల పిల్లలందరికీ ఇలా అవ్వదు. ఎవరికవుతుందో ముందు చెప్పలేం. మిగతా పరీక్షలు కూడా చేద్దాం."

పరీక్షలన్నీ అయ్యాక ఫీటల్ ఆల్కహాల్ స్పెక్ట్రమ్ డిజార్డర్, అంటే కడుపులో ఉండగా తగిలిన ఆల్కహాల్ వల్ల వచ్చిన లోపం, అని తేల్చారు.

"తగ్గుతదా మేడం?" అంది అక్క.

"తగ్గేది కాదమ్మా. కొట్టకండి, మరిచిపోవడం తన తప్పు కాదు. చెప్పిందే రోజూ చెప్పండి, మొదటిసారి చెప్తున్నట్టు."

ఆటోలో అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "నువ్వు కడుపుల ఉన్నప్పుడు నేను గూడ తాగిన గదరా. నీకేం కాలే గద?"

"నాకేం కాలేదని ఎవరన్నరమ్మా?"

నా జోకులకు అమ్మ నవ్వకపోవడం అదే మొదటిసారి.

అక్క అమ్మతో మాట్లాడటం మానేసింది. రెండు గదుల ఇంట్లో అది సులువైన పని కాదు. ఏదైనా అనాలంటే బుజ్జితో చెప్పి పంపేది. బుజ్జి వంటింటి గడప చేరేలోపు మరిచిపోయేది. అలా చాలా తిట్లు దారిలోనే ఆగిపోయాయి.

ఇప్పుడు బుజ్జి రెండో తరగతిలో ఉంది. వారానికోసారి బాచుపల్లిలో స్పెషల్ ఎడ్యుకేటర్ దగ్గరికి తీసుకెళ్తాను. గోడకు బ్రష్, బకెట్, బ్యాగు బొమ్మలు అతికించాం. కొన్ని రోజులు వాటిని చూసి తనే తయారవుతుంది. కొన్ని రోజులు బొమ్మల ముందే నిలబడిపోతుంది. పెద్దయ్యాక ఎలా అని అక్క అడిగితే, ఊడిన బొమ్మకు మళ్లీ జిగురు రాస్తాను.

చదివేవాళ్లకు ఒక్క మాట. కడుపుతో ఉన్నప్పుడు కల్లు, వైన్, బీరు ఏదీ చుక్క కూడా వద్దు. ఇప్పటికే తాగి ఉంటే డాక్టర్ అడగకపోయినా చెప్పండి, మీ లెక్కలో అది తాగుడు కాకపోయినా సరే. మేం చెప్పి ఉంటే బుజ్జికి రెండేళ్ల దెబ్బలు తప్పేవి.

రోజూ పొద్దున పొయ్యి దగ్గర అమ్మ బుజ్జికి ఒకటే మాట చెప్తుంది: "ఉడుకున్నది బిడ్డా, చెయ్యి పెట్టకు." మొన్న జ్వరంతో అమ్మకు గొంతు పెగల్లేదు. అక్క వంటింట్లోకి వచ్చి పీట జరిపింది.

"నువ్ జర కూసోమ్మా. ఇయ్యాల నేను చెప్త."

చెప్పింది. బుజ్జి పెనం వైపు చూసి కళ్లు పెద్దవి చేసింది.

"అవునా?" అంది.