సాయంత్రం పొడిచిన వేగుచుక్క

మా నాన్న చేతికి ఏనాడూ గడియారం లేదు. మొగల్తూరు అవతల సముద్రం మీద వేటకెళ్లే అందరిలాగే ఆయనా వేగుచుక్క చూసి లేచేవాడు. తూర్పున అది పొడవగానే వల భుజాన వేసుకుని, చద్దన్నం క్యారేజీ పట్టుకుని, ఏటిగట్టున కట్టిన పడవ దగ్గరికి బయలుదేరేవాడు. ఫోనులో అలారం పెడతానంటే, "దానికేం తెలుసే, మొన్న కొన్నది!" అని కొట్టిపారేశాడు.

కొన్ని నెలలు ఆ చుక్క తెల్లవారుజామున కనిపించదు. అప్పుడు వేరే చుక్కలతో సరిపెట్టుకుని, వేగుచుక్క ఊరెళ్లిందనుకునేవారు. సాయంత్రాలు పడమట మెరిసేది ఇంకేదో చుక్క అని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకంతో ఎవరికీ ఏ నష్టమూ లేదు. చెడగొట్టింది నేనే.

హైస్కూల్లో సైన్సు టీచరుగా కొత్తగా చేరిన రోజులవి. తెలిసిందంతా ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు తోచేది కాదు. ఓ సాయంత్రం నాన్నని పెరట్లో కూర్చోబెట్టి, పొయ్యిని సూర్యుడన్నాను. దాని చుట్టూ ముగ్గుపిండితో రెండు వలయాలు గీశాను. లోపలిది వేగుచుక్కది, బయటిది మనది. అది ఎప్పుడూ సూర్యుడి దాపునే తిరుగుతుంది కాబట్టి కొన్ని నెలలు ఆయనకంటే ముందే లేస్తుంది, కొన్ని నెలలు ఆయన కుంగాక పడమట మిగులుతుంది. అసలది నక్షత్రమే కాదు, గ్రహం.

"అయితే సాయంత్రం చుక్కా, వేగుచుక్కా ఒకటేనంటావు?"

"ఒకటే నాన్నా."

మర్నాడు ఏటిగట్టున కనపడ్డవాళ్లందరికీ ఆ సంగతి చెప్పాడట. మా అమ్మాయి చెప్పిందండీ అని.

చాలా ఏళ్ల తర్వాత ఆయనకి మతిమరుపు జబ్బు పట్టుకుంది. అమ్మ పోయిన సంగతి మరిచిపోయాడు. అన్నం తిన్న సంగతీ మరిచిపోయేవాడు. ఆ ఏడు వేగుచుక్క సాయంత్రాలు పడమట ఉంది. నాన్న మధ్యాహ్నం పడుకుని పొద్దుగూకాక లేచి, కిటికీలోంచి దాన్ని చూసి కంగారుపడేవాడు.

"వేగుచుక్క లెగిసింది, నన్ను లేపలేదేంటే?"

"ఇప్పుడు సాయంత్రం నాన్నా. అది సాయంత్రం చుక్క."

"రెండూ ఒకటేనని నువ్వే కదే చెప్పావు!"

అన్నీ పోయి ఆ ఒక్క పాఠం మిగిలింది ఆయనకి. నేను పిల్లలకి చెప్పినవేవీ అంత గట్టిగా నిలిచినట్టు లేవు.

ఒకరోజు స్కూల్లో ఆలస్యమై నేను చీకటిపడ్డాక వచ్చేసరికి ఇంట్లో లేడు. వెతకడానికి బయలుదేరేలోపే పడవలవాళ్లు ఇద్దరు చెరోవైపూ పట్టుకుని తీసుకొచ్చారు. "గుండెల్లోతు నీళ్లలో నిలబడి పడవ కోసం ఎతుకుతున్నారండి టీచరుగారూ. ఇంకాసేపైతే మాకు దొరికేవారు కాదండి." నాన్న తడిబట్టలు మార్చి తల తుడిచాను.

మర్నాటి నుంచి పొద్దు వాలగానే ఆయన గదికి బయట గొళ్లెం పెట్టడం మొదలుపెట్టాను. కన్నతండ్రిని గదిలో పెట్టి గొళ్లెం వేశాను. దీన్ని ఇంకోలా చెప్పడం నాకు రాదు. లోపల్నుంచి తలుపు బాదేవాడు. "తియ్యవే, పడవలన్నీ ఎళ్లిపోతన్నాయి!" నేను వంటింట్లో కుళాయి తిప్పుకుని కూర్చునేదాన్ని.

ఆ రోజుల్లోనే క్లాసులో నక్షత్రాల చావు గురించి చెప్పాల్సి వచ్చింది. సూర్యుడిలాంటి నక్షత్రానికి ముందు నడిబొడ్డున ఇంధనం అయిపోతుంది. చూసేవాళ్లకి మాత్రం అది ఉబ్బి, ఎర్రబడి, మునుపటికన్నా పెద్దగా వెలుగుతుంది. తర్వాత పై పొరలు వదిలిపోతాయి. మిగిలిన చిన్న ముద్ద మెల్లగా చల్లారుతుంది. "చల్లారడానికి ఎంతకాలం పడుతుందండి?" అని ఓ పిల్ల అడిగింది. చాలాకాలం అని చెప్పి బోర్డు తుడవడం మొదలుపెట్టాను.

నేను మాత్రం రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. పడమటి చుక్క రోజురోజుకీ కిందికి దిగుతోంది. త్వరలో సూర్యుడి వెలుగులో కలిసిపోయి, కొద్దిరోజులకి తూర్పున తేలుతుంది. అప్పుడు నాన్న చుక్కకీ లోకం పొద్దుకీ పొంతన కుదురుతుంది. సాయంత్రాలు గొళ్లెం పెట్టక్కర్లేదు. ఓ పడవాయన్ని బతిమాలుకున్నాను, చుక్క తూర్పున పొడిచిన రోజు నాన్నని ఏట్లో కాసేపు తిప్పి తీసుకొస్తానన్నాడు.

చుక్క తూర్పున బాగా పైకొచ్చిన రోజు గొళ్లెం తీసి నాన్నని లేపాను. "నాన్నా, వేగుచుక్క లెగిసింది. వేటకెళ్దాం రా."

గుమ్మం దాకా వచ్చాడు. నేను వేలు పెట్టి చూపించిన వైపు చాలాసేపు చూశాడు.

"ఏంటమ్మా అది?"

"వేగుచుక్క నాన్నా."

"అలాగా," అన్నాడు మర్యాదగా. తర్వాత భుజాలు ముడుచుకుని, "చలేత్తంది. తలుపేసెయ్యమ్మా," అన్నాడు.

వేశాను. ఆ రోజు నుంచి గొళ్లెంతో పని లేకపోయింది.