పేరు కింద ఒక్క మాట

నాన్న చివరిగా చేసిన పని పెందుర్తిలో మా డాబా మీద బట్టల తాడు బిగించడం. ఆ తాడు రెండు నెలలుగా వేలాడుతోంది. తడి దుప్పటి వేస్తే నేల తుడుస్తోంది. మా ఆయన మూడుసార్లు కట్టాడు, మూడుసార్లూ జారింది. నాన్న టీ గ్లాసు పిట్టగోడ మీద పెట్టి, తాడును స్తంభానికి రెండు చుట్లు తిప్పి, కొసను ఎక్కడో దూర్చి లాగాడు. వేలితో తట్టి చూస్తే మోగింది. "మీ ఆయన ఇంజనీరు గదా, ఎవరికీ సెప్పకులే" అని నా చెవిలో అని, చల్లారిన టీ తాగి, వన్ టౌన్ బస్సెక్కాడు. మర్నాడు మధ్యాహ్నం చేపల పులుసుతో భోంచేసి పడుకున్నాడు, లేవలేదు. డెబ్బయ్యొక్కేళ్ళు.

నాన్న పేరు జ్ఞానదాసు. పోర్టులో లష్కర్. ఓడ గట్టుకు దగ్గరగా వచ్చినప్పుడు పైనుంచి ఒక సన్నతాడు విసురుతారు. దాని కొసన పిడికెడంత ముడి ఉంటుంది. కింద నిలబడ్డ లష్కర్ దాన్ని అందుకుని లాగితే వెనకాలే మనిషి తొడంత మోకు వస్తుంది. ఆ మోకును గట్టు మీది ఇనుప దిమ్మకు తగిలిస్తారు. అప్పుడు గాని ఓడ నిలబడదు. ముప్పయ్యారేళ్ళు నాన్న చేసింది అదే. చేరినప్పుడు లష్కరే, రిటైరైనప్పుడూ లష్కరే.

మా వాళ్ళలో అది చిన్న సంగతి కాదు. మా చర్చిలో ఏ పేరూ ఒంటరిగా తిరగదు. పెళ్ళికార్డులోనూ, గుమ్మం పక్క బోర్డు మీదా, ఆఖరికి సమాధి రాయి మీదా పేరు కింద హోదా ఉండాల్సిందే. స్టీల్ ప్లాంటులో పనిచేసే మా జాక్సన్ మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, ప్రమోషన్ వచ్చినప్పుడల్లా బోర్డు మార్పించేవాడు. పాత బోర్డులు వాళ్ళింట్లో నీళ్ళ బిందెల మీద మూతలయ్యేవి. మంచినీళ్ళు అడిగితే ముందు అసిస్టెంట్ మేనేజర్ని పక్కకు జరపాల్సి వచ్చేది.

ఆ మామయ్యే నాన్నను పై పోస్టు పరీక్షకు కూర్చోబెట్టాడు. పుస్తకాలు తెచ్చాడు, ఆదివారాలు వచ్చి చదివించాడు. రాత పరీక్ష, అదీ ఇంగ్లీషులో. నాన్న వరసగా మూడేళ్ళు రాశాడు, మూడేళ్ళూ తప్పాడు. మూడోసారి ఫలితం తెలిసిన రోజు ఇంటికొచ్చి, చాప మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. అప్పుడు నాకు పదకొండేళ్ళు. నాన్న వీపు అంత పెద్దదని నాకు ఆ రోజే తెలిసింది. రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఇంక ఆ చర్చిలోకి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలని అమ్మతో అన్నాడట.

మూడో రోజు పైడయ్య వచ్చాడు. నాన్నతో పాటే లష్కర్. చేపలు పట్టే ఇంట్లో పుట్టి, పోర్టులో చేరినవాడు. ఓదార్చడం అతనికి చేతకాదు. గుమ్మంలో నిలబడి, "ఒరే దాసూ, ఓడొచ్చేత్తంది. ఒక మనిసి తక్కువ. నువ్వు పరీచ్చ తప్పిన సంగతి దానికి తెల్దు, రా" అన్నాడు.

నాన్న తిట్టుకుంటూ వెళ్ళాడు. ఆ రోజు గాలి. విసిరిన తాడు రెండుసార్లు నీళ్ళలో పడిందట. మూడోసారి నాన్న గట్టు అంచున ఒంటికాలి మీద వంగి ఒక్క చేత్తో అందుకున్నాడట. చీకటి పడుతుండగా తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కుని, కంచం ముందు కూర్చుని మూడుసార్లు వడ్డించుకున్నాడు. చెయ్యి కడుక్కోబోతూ ఆగి అమ్మతో, "ఫ్లోరూ, మూడేళ్ళు సదివాను గదా. ఆ పరీచ్చలో తాడు గురించి ఒక్క ప్రశ్నయినా నేదే" అన్నాడు.

అమ్మ గిన్నెలు సర్దుతూ, "ఉంటే మా తమ్ముడు తప్పేవాడు" అంది.

వాళ్ళిద్దరూ అంతసేపు నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. మేం పిల్లలం ఎందుకో తెలియకపోయినా నవ్వాం. మళ్ళీ నాన్న పరీక్ష జోలికి పోలేదు. ఆ పుస్తకాలు మా చెక్కబల్ల కుంటికాలు కింద చాలా ఏళ్ళు సేవ చేశాయి.

ఆ ఆదివారం నాన్న చర్చిలో ముందు వరసలో కూర్చున్నాడు. మా చర్చిలో పాటలయ్యాక సాక్ష్యాలు చెబుతారు. ఒకరు లేచి సబ్బవరంలో స్థలం దొరికిందని, ఇంకొకరు కొడుక్కి ఉద్యోగం వచ్చిందని దేవునికి వందనాలు చెల్లిస్తారు. అప్పటిదాకా ఎన్నడూ లేవని నాన్న లేచాడు. "ఈ వారం ఏడు ఓడలొచ్చాయి. ఏడూ నిలబడ్డాయి. దేవునికి స్తోత్రం" అని కూర్చున్నాడు. చర్చి అంతా గొల్లున నవ్వింది. నాన్న కూడా నవ్వాడు గాని మానలేదు. వారం వారం ఓడల లెక్క మారేది, మాట అదే. కొన్నాళ్ళకు పిల్లలు ముందే పందేలు వేసుకునేవాళ్ళు, ఈ వారం ఐదా, తొమ్మిదా అని. రిటైరయ్యాక మొదటి ఆదివారం అందరూ నాన్న వైపు చూశారు, ఇప్పుడేం చెబుతాడో అని. "ఈ వారం ఓడల్లేవు. మనవరాలికి ఉయ్యాల కట్టాను. నిలబడింది" అన్నాడు.

నాన్నకు కుదిరిన ఆ నిబ్బరం నాకు కుదరలేదు. డిగ్రీ అయ్యాక ఒక స్కూల్లో తెలుగు టీచరుగా చేరాను. మొదటిరోజు స్టాఫ్ రూములో మీ నాన్నగారేం చేస్తారని అడిగారు. పోర్టులో ఆఫీసర్ అన్న మాట నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. ఆ ఏడాదే నా పెళ్ళి కుదిరింది. పెళ్ళివారికి నాన్న ఉద్యోగం తెలుసు, వాళ్ళకు పట్టింపు లేదు. భయమంతా స్కూలు గురించే. ప్రూఫు దిద్దడానికి ప్రెస్సుకు వెళ్ళింది నేనే కాబట్టి, నాన్న పేరు కింద 'లష్కర్' కొట్టేసి 'ఆఫీసర్' అని రాసిచ్చాను.

కార్డుల కట్ట ఇంటికొచ్చాక నాన్న కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. "ఎవరమ్మా అక్సా ఈ జ్ఞానదాసు గారు? మన వీధిలో ఇంకొకాయనున్నాడేటి?" అని నన్ను అడిగాడు. నాకు ఏడుపొచ్చింది. ఎందుకు చేశావని నాన్న అడగలేదు. మళ్ళీ అచ్చు వేయించే వ్యవధి లేదు. జేబులో నీలం పెన్ను పెట్టుకుని, అమ్మను వెంటబెట్టుకుని కార్డులు పంచడానికి బయల్దేరాడు.

ప్రతి గుమ్మంలోనూ ఒక్క నిమిషం ఆగమని, కార్డు మీద 'ఆఫీసర్' కొట్టేసి, పైన 'లష్కర్' అని రాసి, అప్పుడు రెండు చేతులతో ఇచ్చేవాడట. అమ్మ ఇంటికొచ్చి నవ్వు ఆపుకోలేక చెప్పేది. మా వీధి చివర ఉండే భీమశంకరరావు గారు, "ఉండనీవయ్యా, అంత పట్టి ఎవరు చూస్తారు?" అన్నారట. "పేరు నాది గదండీ. దాని కింద ఇంకెవడో కూకుంటే నాకు ఇరుకు" అన్నాడట నాన్న.

స్కూలుకి మాత్రం ఒక్కడే వెళ్ళాడు. ఆ సాయంత్రం నేను గుమ్మం దగ్గరే ఎదురై, వెళ్ళావా అని అడిగాను.

"ఎల్లాను. మీ కేథరిన్ టీచరు గారు టీ ఇచ్చారు. సెక్కర ఎక్కువ" అన్నాడు. అంతకు మించి అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

కేథరిన్ టీచరు మా హెడ్ మిస్ట్రెస్. పెళ్ళిలో నాన్నను చూసి, "ఆఫీసరు గారూ, శుభం" అన్నారు. నాన్న చేతులు జోడించాడు. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ రిటైరయ్యేదాకా, ఆ తరవాత ఎక్కడ కనబడ్డా కూడా, "ఆఫీసరు గారు కులాసాయేనా?" అని నవ్వుతూ అడిగేవారు. కొట్టేసిన కార్డు చూసి ఎత్తిపొడుస్తున్నారనుకుని పంతొమ్మిదేళ్ళు ఆవిణ్ణి తప్పించుకు తిరిగాను. బజార్లో ఆవిడ ఎదురొస్తే, అక్కర్లేని బెండకాయలు ఏరుతూ నిలబడేదాన్ని.

నాన్న జ్ఞాపకార్థ కూడిక కార్డు రాసే పని మళ్ళీ నాకే పడింది. ఏం పెడదాం, పోర్టు ఉద్యోగి అంటే మర్యాదగా ఉంటుంది కదా అని మామయ్య అడిగాడు. ఈసారి నేనే 'లష్కర్' అని రాశాను. మామయ్య దాన్ని చదివి, "అవున్లే, మళ్ళీ పెన్నట్టుకుని దిగిపోగలడు బావ" అన్నాడు.

కూడికకు కేథరిన్ టీచరు కూడా వచ్చారు. చేతికర్ర, చంకలో బైబిలు. కార్డు అందుకుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివి, "అక్సా, ఇక్కడ తప్పు పడిందమ్మా. నాన్నగారు ఆఫీసరు కదా" అన్నారు.

ఈ రోజు కూడానా అనుకున్నాను. ఆవిడ కుర్చీలో కూర్చుని బైబిలు తెరిచారు. తన దగ్గర పనిచేసిన వాళ్ళందరి పెళ్ళికార్డులూ అందులో ఉంచుకుని, రోజుకొక జంట కోసం ప్రార్థన చేస్తారట. వెతికి, అంచులు పసుపెక్కిన మా కార్డు తీసి నా చేతిలో పెట్టారు. స్కూలు కార్డులు పన్నెండూ నాన్న తనకే ఇచ్చి వెళ్ళారనీ, మిగతా పదకొండూ తనే స్టాఫుకు పంచాననీ, అన్నీ ఇలాగే ఉన్నాయనీ చెప్పారు.

నాన్న పేరు కింద 'ఆఫీసర్' నేను రాసిచ్చింది రాసిచ్చినట్టే ఉంది. కొట్టివేత లేదు. మొదటి అక్షరానికి ముందు మాత్రం చిన్న నీలం చుక్క ఉంది, పెన్ను ఆనించి తీసేసినట్టు.