సెకన్లాయన కొట్టేసిన మైనస్

ఆయన్ని అందరూ సెకన్లాయన అంటారు. పెళ్లాం కూడా అదే పిలుపు పిలుస్తుంది, కాకపోతే కోపం వచ్చినప్పుడే. ఎవరైనా పాపం తెలియక "కంప్యూటర్‌కి ఇవాళ ఏ వారమో ఎలా తెలుస్తుందండీ?" అని అడిగితే చాలు, పట్టుకుని కూర్చోబెట్టేస్తాడు.

"దానికి వారాలూ లేవు, వర్జ్యాలూ లేవు. పందొమ్మిది వందల డెబ్బై జనవరి ఒకటి నుంచి సెకన్లు లెక్కపెట్టుకుంటూ పోతుంది, అంతే. ఆ సెకన్లని మనం రోజులు చేసి, మొదటి రోజు గురువారం కాబట్టి నాలుగు కలిపి, ఏడుతో భాగించాలి. మిగిలింది సున్నా అయితే ఆదివారం, ఒకటైతే సోమవారం..." అడిగినవాడు అప్పటికే గుమ్మం దాటేసి ఉంటాడు.

చిన్న చిన్న దుకాణాలకు ప్రోగ్రాములు రాసిపెట్టడం ఆయన బతుకుతెరువు. మెత్తటి మనిషే. కాని తన కోడ్ జోలికి వస్తే మాత్రం తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

సమాధి రాళ్లు చెక్కే కార్ఖానాకు ప్రోగ్రాం రాసిందీ ఆయనే. అక్కడ ఒక పద్ధతి ఉంది: పేరు కింద ముందు వారం చెక్కుతారు, ఆ తర్వాతే తారీఖు. ఇంట్లోవాళ్లకు గుర్తుండేది వారమే అంటాడు మేస్త్రి. ఇదివరకు పాత క్యాలెండర్లు తిరగేసి వారం చూసుకునేవాడు. ప్రోగ్రాం వచ్చాక వాటిని చెదలకు వదిలేశాడు.

ఒకరోజు మేస్త్రి ఫోన్ చేశాడు. అతని ఎదురుగా ఒక ముసలమ్మ కూర్చుని ఉంది, బట్టలు కుట్టి బతికిన మనిషి. పసితనంలోనే పోయిన తొలిచూలు కూతురికి ఇన్నాళ్లకు రాయి వేయించుకుంటోంది. పిల్ల పోయింది అరవై ఆరు నవంబరు ఎనిమిదిన. కంప్యూటర్ శుక్రవారం అంటోంది, ఆవిడ కాదంటోంది.

"మంగళవారం నాయనా. నాకు బాగా గుర్తు," అంది ఫోన్‌లో సన్నటి గొంతు.

"మనిషి మర్చిపోతాడు గాని లెక్క మర్చిపోదమ్మా. శుక్రవారమే," అన్నాడు సెకన్లాయన.

వెనకనుంచి ఆవిడ కొడుకు గొంతు వినిపించింది. "విన్నావా అమ్మా? నేను మొత్తుకుంటూనే ఉన్నా. మొన్న తాళాలు మర్చిపోయావు, ఇవాళ ఇది. ఇంకా ఒక్కదాన్నే ఉంటానంటావేంటి? ఆ కుట్టుమిషను ఎవరికైనా ఇచ్చేసి మా ఇంటికొచ్చెయ్."

"సరేలే," అంది ఆవిడ. ఆ సరేలే సెకన్లాయనను కుదురుగా ఉండనివ్వలేదు.

రెండు రోజులు గింజుకున్నాడు. మూడో రోజు మధ్యాహ్నం అన్నం సయించక కంప్యూటర్ ముందు కూర్చుని నవంబరు ఎనిమిది కొట్టాడు. శుక్రవారం. ఊరికే, చేతికి ఏదో పని కావాలని, తొమ్మిది కొట్టాడు. గురువారం. పది కొట్టాడు. బుధవారం. ఓరి నీ దుంపతెగ! శుక్రవారం తర్వాత గురువారం వచ్చే లోకం ఎక్కడుంది?

డెబ్బైకి ముందు రోజులంటే వెనక్కి లెక్క, అన్నీ మైనస్ అంకెలే. భాగిస్తే మిగిలేదీ మైనస్సే. ఆ నవంబరు ఎనిమిదికి మైనస్ ఐదు మిగిలింది. దానికి ఏడు కలిపితే రెండు, అంటే మంగళవారం. కాని ఈ మహానుభావుడు ఆనాడు ఏడు కలపలేదు. మైనస్ గుర్తు అడ్డంగా ఉందని కొట్టేసి, ఐదు ఉంచుకున్నాడు. సరిచూసుకోలేదా అంటే చూసుకున్నాడు! అరవై ఎనిమిదిలో తాను పుట్టిన తారీఖు వేస్తే ఆదివారం అని చక్కగా వచ్చింది. ఆదివారమంటే సున్నా, సున్నాకు మైనస్ ఉంటే ఎంత, ఊడితే ఎంత? తన ఒక్క పుట్టుక సరిపోయేసరికి ఊళ్లో చావులన్నీ సరిపోయాయనుకున్నాడు.

వెంటనే మేస్త్రికి ఫోన్ చేశాడు. "ఆ రాయి ఆపు మేస్త్రీ!"

"చెక్కేశానండీ. ఆవిడే ఒప్పుకుంది. శుక్రవారమేలే, నాకే మతి పోయిందీ అంది."

"మతి పోయింది నాకయ్యా. డెబ్బైకి ముందువి ఏమేం చెక్కావో అన్నీ చూడాలి. నేనొస్తా, ముందు ఆవిడ ఇల్లెక్కడో చెప్పు."

కొడుకే తలుపు తీశాడు. గదిలో కుట్టుమిషను మీద దుప్పటి కప్పేసి ఉంది, గోడ పక్కన బట్టలు మూటలు కట్టి ఉన్నాయి. ముసలమ్మ మంచం అంచున కూర్చుని ఉంది. సెకన్లాయన కూర్చోలేదు.

"తప్పు నాదమ్మా. నా కోడ్‌లో తప్పు. మీరు చెప్పిందే నిజం, అది మంగళవారమే."

కొడుకు తల దించుకున్నాడు. ఆవిడ ముఖంలో సంతోషం కోసం చూశాడు సెకన్లాయన. కనబడలేదు.

"మంగళవారమేనా నాయనా?"

"మంగళవారమేనమ్మా."

"మరి పోయే ముందు పిల్ల కళ్లు తెరిచి నన్ను అమ్మా అని పిలిచింది. వారమే తప్పయితే, అది కూడా నేను కల్పించుకున్నదేనేమో అనుకున్నా... అదీ నిజమేనా?"

దానికి ఏ లెక్కా లేదు. అయినా సెకన్లాయన తడుముకోలేదు.

"నిజమేనమ్మా. పిలిచింది."

ఆవిడ ముఖం చేతుల్లో దాచుకుని భోరున ఏడ్చింది. కొడుకు వచ్చి ఆవిడ కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు. అక్క అలా పిలిచిందన్న మాట అతనూ అప్పుడే మొదటిసారి వింటున్నాడు.