ఒబదయా థర్లో వేసిన ఓటు

ఒబదయా థర్లో పీపాలు చేసేవాడు. మసాచుసెట్స్ పడమటి కొండల్లోని కోల్డ్‌ఫర్డ్‌లో ఆపిల్ సారా నిలవ చేసుకునే ప్రతి ఇంట్లోనూ అతని చేతి పీపా ఒకటైనా ఉండేది. మితభాషి. మాటిస్తే తప్పడని పేరు. రాష్ట్రాలన్నిటినీ ఒకే దేశంగా కలిపే కొత్త రాజ్యాంగాన్ని ఒప్పుకోవడమో మానడమో తేల్చడానికి బోస్టన్‌లో సభ పెడుతున్నారని కబురొచ్చినప్పుడు ఊరు అతన్నే పంపింది.

ప్రార్థనామందిరంలో ఊరంతా చేరిన రోజున అందరికంటే గట్టిగా మాట్లాడింది అతని బావమరిది జోతం. కిందటి చలికాలం పన్నుల మీద తిరగబడ్డ రైతులతో కలిసి వెళ్ళి, రాష్ట్ర సైన్యం తరిమితే మంచుకొండల్లో తలదాచుకుని, గడ్డకట్టిన ఎడమ పాదాన్ని పోగొట్టుకున్న మనిషి.

"బోస్టన్‌లో ఉన్నవాళ్ళే మన గోడు వినలేదు బావా. ఇంకా దూరాన, మన మొహం ఎరగనివాళ్ళ చేతిలో సైన్యాన్నీ పన్నుల్నీ పెడతావా? మన ఇళ్ళలో జొరబడకూడదనీ, మన నోరు నొక్కకూడదనీ అందులో ఒక్క ముక్కైనా రాశారా?"

"లేదు. వద్దనే చెప్పొస్తాను," అన్నాడు ఒబదయా.

వద్దని చెప్పడానికే వెళ్ళాడు. కానీ బోస్టన్ సభలో వారాల తరబడి వింటూ కూర్చున్నకొద్దీ అతనికి నిద్ర కరువైంది. ఆ పన్నుల తిరుగుబాటులో ఒకే రాష్ట్రంవాళ్ళు ఒకరినొకరు కాల్చుకోవడం కళ్ళారా చూశాడు. రేపు రాష్ట్రాలే కాల్చుకుంటే ఆపేదెవరు? ఆ ప్రశ్న అతన్ని వదల్లేదు. చివర్లో ఒక రాజీ మాట వచ్చింది: ముందు ఒప్పుకుందాం, దాంతోపాటే సవరణలు అడుగుదాం, కేంద్రానికి స్పష్టంగా ఇవ్వని అధికారాలన్నీ రాష్ట్రాలవేనని రాయిద్దాం. పేరు పిలిచినప్పుడు ఒబదయా లేచి ఔనన్నాడు. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది.

ఊళ్ళోకి వచ్చి జరిగింది దాచకుండా చెప్పాడు.

"మేం పంపింది నీ నోటిని. బుర్రని ఎవడు వాడమన్నాడు?" అన్నాడు జోతం.

"సవరణలు వస్తాయి జోతం. మాటిచ్చారు."

"నువ్వూ ఇచ్చావుగా మాకు!"

ఆ వసంతం నుంచి అతని పీపాలు కొన్నవాడు లేడు. వాటికోసం జనం పొరుగూరు వెళ్ళారు. ప్రార్థనలో అతని బల్లమీద అతనూ, భార్య మెహిటబుల్ తప్ప ఎవరూ కూర్చునేవారు కాదు. ఆమె ఒక్కసారే ఆ సంగతి ఎత్తింది. "నువ్వు చేసింది మంచిదే కావచ్చు. నాకు అంత తెలీదు. ఇక్కడ బతకాల్సింది మాత్రం మనం."

మరుసటి చలికాలం ఆమెకు పురిటినొప్పులు మొదలయ్యాయి. ఒబదయా మంత్రసాని ఇంటికి పరుగెత్తాడు. ముసలావిడ తలుపు సందులోంచే, "మంచు చూడు ఎట్లా పడుతోందో. తగ్గాక వస్తాలే," అంది. అది మంచు భయమో, ఊరి కోపమో అతనికి ఎన్నటికీ తెలియలేదు. ఆవిడ వచ్చేసరికి తల్లీ లేదు, బిడ్డా లేదు.

గడ్డకట్టిన నేలను మంట పెట్టి కరిగించి గొయ్యి తానే తవ్వుకున్నాడు. జోతం చంక కర్ర మీద వచ్చి, గొయ్యికి అవతల నిలబడి, అక్కమీద గుప్పెడు మట్టి వేసి వెళ్ళిపోయాడు.

జోతం అడిగిన హక్కులతో సవరణలు నిజంగానే వచ్చాయి. కావలసినన్ని రాష్ట్రాలు ఒప్పుకున్నాయని ఒక ఫిబ్రవరిలో పత్రిక చెప్పింది. ఒబదయా అంత చలిలోనూ జోతం ఇంటికి నడిచి వెళ్ళాడు.

జోతం అంతా విని, "మన రాష్ట్రం ఒప్పుకుందా?" అని అడిగాడు.

"లేదు," అన్నాడు ఒబదయా. "అడిగింది మనమే. తీరా వచ్చాక ఇక్కడ వాటిని పట్టించుకున్నవాడు లేడు."

"సరిపోయింది," అన్నాడు జోతం. ఆ గొంతులో కోపం లేదు. అదే ఒబదయాకు ఎక్కువ గుచ్చుకుంది. "కూర్చో బావా. వణికిపోతున్నావు."

ఒబదయా కూర్చున్నాడు. ఇద్దరూ మెహిటబుల్ పేరెత్తలేదు, ఓటు సంగతీ ఎత్తలేదు. మంచు కరిగాక అతను పనిముట్లు బండికెత్తుకుని ఉత్తరాన వెర్మాంట్ వైపు వెళ్ళిపోయాడు. అక్కడ పీపాలు చేసుకుంటూ బతికాడు. ఆ కొత్త ఊరివాళ్ళు తమ సమావేశాలకు రమ్మని పిలిచినప్పుడల్లా పని ఉందని చెప్పేవాడు.