మనిషి కాదని తేలిన గొంతు

దసరా వెళ్లిన వారం, పత్తి సీజన్ మొదలవుతుండగా, నన్ను ఆసిఫాబాద్ నుంచి జమ్మికుంట వైపు ఒక చిన్న పత్తి మార్కెట్ సబ్ యార్డుకు డిప్యుటేషన్ మీద పంపారు. రిటైర్మెంటుకు ముందు అదే నా చివరి సీజన్. హోదా అసిస్టెంట్ ఇంజనీర్, ఎలక్ట్రానిక్స్. పైనున్నవాళ్లు సంతకాలు పెడతారు, కిందున్నవాళ్లు స్తంభాలెక్కుతారు, మధ్యలో తిట్లు తినేది అసిస్టెంట్ ఇంజనీర్. నాకప్పగించిన పని యార్డు మైకు కూత మాన్పించడం.

కూత తెలియనివారుండరు. హార్నులోంచి వచ్చిన శబ్దం తిరిగి మైకులో దూరి, మళ్లీ హార్నులోంచి పెద్దదై వచ్చి, చివరికి కుయ్యిమని చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది. దాన్ని ఆపడానికి నేనొక సాఫ్ట్‌వేర్ వాడాను. అది ఉచితంగా దొరుకుతుంది, లోపలి కోడ్ ఎవరైనా విప్పి మార్చుకోవచ్చు. అందులో ప్రోగ్రాం రాయనక్కరలేదు, గీస్తే చాలు. తెర మీద చిన్న డబ్బాలుంటాయి, వాటిని తీగలతో కలుపుతాం. ఒక డబ్బా మైకు నుంచి శబ్దం తీసుకుంటుంది, ఇంకొకటి పెంచుతుంది, మరొకటి హార్నుకు పంపుతుంది. కూతను పట్టుకునే డబ్బా మాత్రం నాకు కావలసినట్టు లేదు. నేనే కోడ్ రాసి చేర్చాను.

ఒకే స్వరం సాగుతూ ఉంటే నా డబ్బాకు అనుమానం వస్తుంది. సౌండు ఒక్క క్షణం తగ్గించి చూస్తుంది. కూత బతికేది హార్ను మీదే కాబట్టి ఆ తగ్గింపుకే చచ్చిపోతుంది. మనిషైతే పాడుతూనే ఉంటాడు. ఆగినదాన్ని కూతగా లెక్కేసి మైకు దారి మూసేస్తుంది, ఆగని దాన్ని మనిషిగా వదిలేస్తుంది. దీన్ని ముందుగా సుల్తానాబాద్‌లో మా చర్చి మైకుకు తగిలించి పరీక్షించాను. మావాళ్లు మైకు తగ్గినా పాడతారు, కరెంటు పోయినా పాడతారు, ఇక చాలని పాస్టరుగారు చేయెత్తినా ఇంకో చరణం పాడి గానీ కూర్చోరు. అక్కడ డబ్బా ఒక్కసారీ పొరబడలేదు. ఆ ధైర్యంతోనే యార్డుకు తెచ్చాను.

యార్డులో పొద్దున్నే జెండా పాట జరుగుతుంది. మేలైన పత్తి కుప్ప దగ్గర జెండా పాతి వేలం వేస్తారు. ఆ రోజు మిగతా ధరలన్నీ దాని వెంటే నడుస్తాయి. వ్యాపారులు పాడే ధరను మైకులో వినిపించేది ఖాజా భాయ్. వాళ్ల నాన్నదీ అదే పని. చివరి ధరను ఆయన సాగదీసి చెబితే బస్టాండు దాకా వినపడేది. నా డబ్బా పెట్టిన మొదటి రోజు, సాగతీత మొదలైందో లేదో, మైకు మూగబోయింది.

“ధర మింగిండ్రు!” అని ఒక రైతు అరిచాడు. ఇక చూడండి, యార్డంతా లొల్లి. మర్నాడూ అంతే. కార్యదర్శి మేడం ఖాజా భాయ్‌ని గొంతు డాక్టరు దగ్గరికి పంపారు. గొంతులో ఏ లోపమూ లేదని డాక్టరు చెప్పాడు. “గొంతు మంచిగుంటే మరి ఎందుకు వినవస్తలేదు?” అని మేడం ఖాజా భాయ్‌నే గద్దించారు. సోమవారం కూడా ఇలాగే అయితే రికార్డు గొంతు పెట్టిస్తామని, ఆయనిక రానక్కరలేదని తేల్చేశారు.

ఖాజా భాయ్ నా దగ్గరికొచ్చి, “సార్, మీ మిషిన్‌కు నా మీద ఏం కోపం?” అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆదివారం యార్డుకు సెలవు. డబ్బా తీర్పు తెర మీద కనపడేలా ఇంకో డబ్బా తగిలించాను. నేను ‘ఆ’ అని సాగదీస్తే ‘మనిషి’ అని వచ్చింది. వాచ్‌మన్ సాగదీశాడు, మనిషే. తెరిచిన గేటులోంచి వచ్చిన మేక మైకు ముందు నిలబడి అరిచింది. అదీ మనిషే. ఖాజా భాయ్ పాడాడు. ‘కూత.’ మళ్లీ పాడాడు. మళ్లీ ‘కూత.’

“మేకకున్న ఇజ్జత్ గూడ నాకు లేదా సార్?” అన్నాడు.

కోడ్ మొత్తం వెతికాను, తప్పు దొరకలేదు. విసుగొచ్చి తెర వదిలి ఆయన మొహం చూశాను. సౌండు తగ్గగానే ఖాజా భాయ్ టక్కున నోరు మూసుకుంటున్నాడు. ఎందుకని అడిగాను.

“సౌండ్ తగ్గిందంటె ఎవలో అడ్డం చెప్పిండ్రన్నట్టు గద సార్. ఆగకుంటె లొల్లయితది.”

అది యార్డు రివాజు. రైతు అభ్యంతరం చెబితే మైకు ఆపరేటర్ సౌండు తగ్గిస్తాడు, పాడేవాడు ఎక్కడి మాట అక్కడ ఆపేయాలి. ఖాజా భాయ్ దాన్ని అంత నిష్ఠగా పాటించాడు. నా పరీక్ష ప్రకారం ఆయన అచ్చమైన కూత.

ఆగొద్దని చెప్పాను. సరేనని ఆగిపోయాడు. “నేను ఆగుతలేను సార్, నోరే ఆగుతుంది” అన్నాడు. తగ్గింపును ఇంకా చిన్నది చేశాను. కూత ఆగడం మానేసింది, ఖాజా భాయ్ మాత్రం ఆగుతూనే ఉన్నాడు.

ఇక పక్కనున్న కుప్పలోంచి కాస్త పత్తి తీసి, ఉండలు చేసి, చెవుల్లో పెట్టుకోమన్నాను. డబ్బాను పాత లెక్కకే మార్చాను. ఆయన పాడాడు. ‘మనిషి’ అని వచ్చింది. తెర మీద ఆ మాట చూసి ఖాజా భాయ్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నిజం చెప్పాలంటే నాకూ తిరిగాయి.

అయితే చెవులు మూసుకుంటే అసలైన అభ్యంతరం తెలిసేదెట్లా? వ్యాపారుల పాటలన్నీ విన్నాక, చివరి ధర సాగదీసే ముందే పత్తి పెట్టుకోవాలని, ఎవరైనా అడ్డం చెబితే ఆపరేటర్ జెండా దించాలని, జెండా నిలబడి ఉన్నంతసేపు ఖాజా భాయ్ పాడాలని ఒప్పందం చేసుకున్నాం.

సోమవారం ధర బస్టాండు దాకా వినపడింది. ఒక రైతు అడ్డం చెప్పగానే జెండా దిగింది, ఖాజా భాయ్ మాట మధ్యలోనే ఆగాడు. తగువు తీరాక జెండా మళ్లీ లేచింది, పాట సాగింది. మేడం మురిసిపోయి, ఆపరేటర్‌తో సౌండు తగ్గించమని చెప్పి, కుప్ప దగ్గరికి నడిచి వచ్చి, ఈ గొంతు ఉండగా యార్డుకు రికార్డు అవసరం లేదని అందరి ముందూ చెప్పసాగారు. ఖాజా భాయ్ ఆమె పెదవుల వైపు ఒకసారి, జెండా వైపు ఒకసారి చూశాడు. జెండా నిలబడే ఉంది. మేడం మాటలకు అడ్డంగా చివరి ధరను నిండు గొంతుతో సాగదీశాడు.

కొత్త డబ్బా తగిలించే ముందు, పాడే మనిషి ఎప్పుడు ఆగుతాడో, ఎందుకు ఆగుతాడో ఒక పూట కూర్చుని చూడాలి. కోడ్ ఆ తర్వాత రాసుకోవచ్చు.