షార్ట్‌స్టాప్

స్నేహితుణ్ణి చూడ్డానికి వైజాగ్ నుంచి భీమిలి బస్సెక్కానే గానీ, ప్రాణమంతా ఫోన్‌లోనే ఉంది. జపాన్‌లో నేను బేస్‌బాల్ ఆడే క్లబ్బు నన్ను ఉంచుకుంటుందో లేదో ఆ రోజే చెప్పాలి.

ఒళ్ళో ఉన్న తోలు గ్లోవ్ చూసి కండక్టర్ అడిగాడు. "ఏటి బావా, కీపింగ్ సేత్తావా?"

మా కర్నూల్లో ముక్కూమొహం తెలియనివాణ్ణి బావా అంటే గొడవే.

"కాదన్నా, బేస్‌బాల్. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడి బంతి ఆపుతా. షార్ట్‌స్టాప్ అంటారు."

"షార్ట్ స్టాపా? అయితే ఎక్కువసేపు ఆగనివ్వరన్నమాట!"

బస్సంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఇప్పటిదాకా ఏ క్లబ్బూ నన్ను రెండో సీజన్‌కి ఉంచుకోలేదు.

భీమిలి రాగానే జేబులో ఫోన్ మోగింది. క్లబ్బు నుంచే మెసేజ్. తెరవడానికి వేలు రాలేదు.

"దిగు బావా," అన్నాడు కండక్టర్. "బండి ఇక్కడ ఎక్కువసేపాగదు."